పెరట్లో మాల్టింగ్ బార్లీ వేద్దామనుకుంటున్నా, 200 చదరపు అడుగుల ముక్క. విత్తనం నుంచి మాల్ట్ దాకా ఎలా?

గోదారి_టు_మిన్నెసోటా:

నమస్తే అందరికీ. మేం ఉండేది మినియాపోలిస్ సబర్బ్‌లో. ఇంటి వెనక దక్షిణం వైపు లాన్‌లో 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ముక్క గడ్డి లేపేసి తవ్వి ఉంచాను, మంచు కరిగాక అందులో మాల్టింగ్ బార్లీ వేద్దామని. హోమ్ బ్రూయింగ్, అంటే ఇంట్లో బీరు కాయడం, చాలా ఏళ్ళుగా చేస్తున్నా, దానికి కావాల్సిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మాత్రం షాపులో కొనేదే. మాది భీమవరం పక్కన వరి పండించే కుటుంబం, నాన్నగారు ఇప్పటికీ చేలోకి దిగుతారు, అలాంటిది ఎక్కడ పండిందో తెలియని గింజ సంచి కోసి వాడటం నాకెప్పుడూ వెలితిగానే ఉంటుంది. ఒక్క బ్యాచ్ అయినా సరే, విత్తనం నుంచి గ్లాసు దాకా మన చేతి మీదుగా రావాలని గట్టి కోరిక.

అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఓపిగ్గా చెప్పండి. టూ రో (కంకికి రెండు వరసల గింజలు) వెయ్యాలా, సిక్స్ రో (ఆరు వరసలు) వెయ్యాలా? ఈ ముక్కకి విత్తనం ఎంత పడుతుంది, దిగుబడి ఎంత రావచ్చు, 5 గాలన్ల బ్యాచ్‌కి సరిపోద్దా? వరికైతే యూరియా మూడు దఫాలుగా వేస్తాం కదా, దీనికీ అంతేనా? కోత, నూర్పిడి చేత్తో అయ్యే పనేనా? అన్నిటికంటే ముఖ్యంగా ఇంట్లో మాల్ట్ చెయ్యడం నిజంగా కుదురుతుందా, లేక అది ఫ్యాక్టరీ వాళ్ళ పనేనా?

రెడ్‌రివర్_తెలుగు:

ముందు ఒక్క మాట, మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మాల్టింగ్ బార్లీని తిండిగింజలా కాదు, విత్తనంలా పెంచండి. కోసినా, ఆరబెట్టినా, నూర్చినా, దాచినా లోపల మొలక బతికుండాలి. మొలక చచ్చిన గింజ దాణాకి పనికొస్తది గానీ మాల్ట్‌కి పనికిరాదు. నేను నార్త్ డకోటా ఫార్గోలో గ్రెయిన్ ల్యాబ్‌లో పనిచేస్తా, మాల్ట్ రేటు వస్తుందని తెచ్చిన బార్లీ ఫీడ్ రేటుకి వెళ్ళిపోవడం చూస్తూనే ఉంటా, కారణం దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింట్లో ఒకటి: మొలక శాతం తక్కువ, ప్రోటీన్ ఎక్కువ, ఫ్యూజేరియం అనే బూజు వదిలే విషం, లేదంటే సన్నగింజ.

యూరియా సంగతి ముందు తేల్చేద్దాం. వరి అలవాటు ఇక్కడ పూర్తిగా పక్కన పెట్టెయ్యండి. నత్రజని ఎక్కువైతే చేను ఏపుగా పెరిగి జూన్ గాలివానకి పడిపోద్ది, పైగా గింజలో ప్రోటీన్ పెరుగుద్ది. ప్రోటీన్ పెరిగిందంటే ఆ మేరకు పిండిపదార్థం తగ్గినట్టే, మీ బీరుకి కావాల్సిన చక్కెర ఆ పిండిలోంచే రావాలి కదా, బీరు కూడా మసకగా ఉంటది. బియ్యం, మొక్కజొన్న కలపని ఆల్ మాల్ట్ బీరుకైతే 10.5 నుంచి 12 శాతం ప్రోటీన్ బావుంటది, 13 దాటితే మాల్ట్ కంపెనీలు వద్దంటాయి. మీరన్న మూడు దఫాల్లో చివరిది, పొట్ట దశలో వేసే యూరియా ఉంది చూశారూ, బార్లీలో అది దిగుబడికి పెద్దగా కలవదు, నేరుగా ప్రోటీన్‌లోకే పోద్ది. మీది లాన్ తీసిన నేల కాబట్టి ఆ గడ్డి వేర్లు కుళ్ళే కొద్దీ నత్రజని దానంతటదే వస్తది, నేనైతే మొదటి ఏడాది అసలేమీ వెయ్యను. భాస్వరం, పొటాష్, పీహెచ్ ఎలా ఉన్నాయో మాత్రం చూపించుకోండి, సెయింట్ పాల్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళ సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి మట్టి పంపిస్తే చాలు. పుల్లనేల బార్లీకి పడదు, నీళ్ళు నిలిచే నేల అసలే పడదు. వరి మడిలో నిలబడ్డట్టు ఇది నిలబడదు, రెండు మూడు రోజులు వేర్లు నీళ్ళలో ఉంటే ఆకులు పసుపెక్కిపోతాయి, ఆ మూల పల్లంగా ఉంటే ఇప్పుడే మట్టి ఎత్తు చేసుకోండి.

రకానికొస్తే, మన ఏరియాలో ఒకప్పుడు అంతా సిక్స్ రోనే. పెద్ద బ్రూవరీలు బియ్యం, మొక్కజొన్న కలిపి కాచేవి, ఆ పిండిని కూడా విడగొట్టాలంటే ఎంజైములు దండిగా ఉన్న సిక్స్ రో కావాలి. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళ రోబస్ట్, లేసీ అలా వచ్చినవే. ఇప్పుడు గాలి టూ రో వైపు మళ్ళింది, గింజ లావుగా, ఒకే సైజులో ఉంటది, ఇంటి మాల్టింగ్‌కి అదే సుఖం, ఎందుకంటే సైజు ఒకటైతే నీళ్ళు కూడా సమానంగా తాగుతాయి. ఎన్‌డీఎస్‌యూ (నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళ కాన్లన్ త్వరగా కోతకొస్తది, జెనిసిస్ అని ఇంకోటి ఉంది, దాంట్లో ప్రోటీన్ తక్కువగా నిలుస్తది, మీ లాన్ నేలకి అది నప్పుద్దని నా ఉద్దేశం. అమెరికన్ మాల్టింగ్ బార్లీ అసోసియేషన్ ఏటా సిఫార్సు రకాల లిస్టు పెడుతుంది, విత్తనం కొనేముందు అందులో ఉందో లేదో చూసుకోండి. కిరాణా షాపులో దొరికే పెర్ల్ బార్లీ మాత్రం తెచ్చి చల్లకండి, పొట్టుతో పాటు మొలక కూడా అరగదీసేస్తారు, అది మొలవదు.

ఎకరానికి 100 పౌన్ల లెక్కన మీ ముక్కకి అర పౌను లోపే చాలు, చేత్తో వేస్తారు కాబట్టి ముప్పావు పౌను అనుకోండి. ఏప్రిల్‌లో నేల పదునుకొచ్చిన వెంటనే వేసెయ్యండి, మట్టి 40 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే చాలు, మొలిచాక మంచు పడినా భయం లేదు, కణుపులు పడే దాకా మొవ్వ నేల లోపలే ఉంటది, ఆకు కొస మాడినా మళ్ళీ వస్తది. ఆలస్యమే అసలు ప్రమాదం, మే నెలాఖరులో వేస్తే గింజ పాలు పోసుకునే టైమ్‌కి జులై ఎండలు కొట్టి సన్నబడిపోద్ది. చల్లకుండా 6, 7 అంగుళాలకి ఒక సాలు తీసి అంగుళం లోతులో వెయ్యండి, కలుపు తీయడానికి వీలుంటది. పిలకలు పెట్టి నేల కప్పేసే దాకా ఒకటి రెండు సార్లు కలుపు తీస్తే తర్వాత దానంతటదే అణిచేస్తది. నీళ్ళు వారానికో అంగుళం, వానతో కలిపి. గింజ గట్టిపడటం మొదలయ్యాక నీళ్ళు ఆపెయ్యండి.

జూన్ చివర్లో ఈనుతుంది. ఆ పది పదిహేను రోజులే గుండె చేత్తో పట్టుకునే రోజులు, వెచ్చటి వాన, తడి పట్టుకుని ఉంటే ఫ్యూజేరియం కంకికి అంటుకుంటది. 1990ల్లో మా రెడ్ రివర్ లోయ బార్లీని దెబ్బకొట్టింది ఇదే. అది వదిలే విషంతో పాటు ఇంకో ఇబ్బంది, అలాంటి గింజతో కాచిన బీరు సీసా మూత తీయగానే పొంగి బయటకొచ్చేస్తది. మొక్కజొన్న మోళ్ళలో ఇది ఏళ్ళ తరబడి బతుకుద్ది, కాబట్టి పక్కన స్వీట్‌కార్న్ వేసే అలవాటుంటే ఆ మోళ్ళు తీసేయించండి. పచ్చ కంకిలో అక్కడక్కడ గింజలు ముందే గోధుమరంగుకి తిరిగి, వాటి మీద గులాబీ రంగు పట్టినట్టు కనిపిస్తే ఆ కంకులు తుంచి చెత్తలో పడెయ్యండి, కంపోస్టులో వద్దు.

దిగుబడి చెప్పడం మర్చిపోయా. పొలంలో ఎకరానికి 70 బుషెల్స్ అంటే మంచి పంట, బుషెల్‌కి 48 పౌన్లు, ఆ లెక్కన మీకు 15 పౌన్లు. చేత్తో కోత, పిట్టలు, నూర్పిడిలో పోయేది తీసేస్తే 10 నుంచి 12 చేతికొస్తాయి అనుకోండి. 10 పౌన్ల బార్లీకి 8 పౌన్ల చిల్లర మాల్ట్ వస్తది, 5 గాలన్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) బ్యాచ్ ఒకదానికి సరిపోద్ది.

ఇందూరు_ఇన్_ఒహాయో:

అన్నా నేను కొలంబస్ దగ్గర ఉంటా, మా దిక్కు వింటర్ బార్లీ ఏస్తరు. సెప్టెంబర్ ఆఖర్ల ఏస్తే మంచు కింద పడుకొని ఉంటది, మార్చిల లేస్తది, జూన్‌ల కోతకొస్తది. కోసినంక అదే జాగల బీన్స్, కూరగాయలు ఇంకో పంట పెట్టుకోవచ్చు, చిన్న పెరడు ఉన్నోళ్ళకు గిది మస్తు లాభం. ఈనుడు కూడ ముందే అయిపోతది కాబట్టి ఫ్యూజేరియం కొంచెం తప్పించుకుంటది. పఫిన్, వయొలెట్టా, ఫ్లావియా అని రకాలు దొరుకుతయ్. కని మీ మిన్నెసోటాల వద్దు, చలికి చచ్చిపోతది, మీకు స్ప్రింగ్ బార్లీనే కరెక్ట్.

ఇంకో మాట, విత్తనం కొనేటప్పుడు వింటర్ రకమా స్ప్రింగ్ రకమా అని అడిగి తీస్కో. వింటర్ రకం ఏప్రిల్‌ల పెడితే దానికి కావాల్సినంత చలి తగలదు, గడ్డి లెక్క ఆకులే పెడ్తది, కంకి రాదు. మా దోస్త్ మేరీలాండ్‌ల మారిస్ ఆటర్ పెట్టిండు, అది ఇంగ్లండ్ వింటర్ రకం, 1960ల నుంచి ఉన్న పేరు, ఇంటి బీరు చేసేటోళ్ళందరికీ దాని మీదనే మోజు. అక్కడ కూడ చలి ఎక్కువైన ఏడాది సగం చచ్చిపోయింది. పేరు చూసి కాదు, మన ఊరి చలి చూసి తీస్కోవాలె.

గోదారి_టు_మిన్నెసోటా:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించా, యూరియా వెయ్యని పైరేంట్రా అని ఆశ్చర్యపోయారు, ప్రోటీన్ సంగతి చెప్పాక మాత్రం సబబే అన్నారు. కోత ఎప్పుడు కొయ్యాలో గుర్తు చెప్పండి, తేమ మీటర్ లేదు నా దగ్గర. నూర్పిడికి ఇక్కడ చిన్న మెషీన్ ఏదైనా అద్దెకి దొరుకుద్దా, లేక మన పద్ధతేనా?

రెడ్‌రివర్_తెలుగు:

మన పద్ధతే మేలు, మెషీన్ వద్దు. జులై చివర, ఆగస్టు మొదట్లో కంకి మెడ వంచి కిందకి వాలుద్ది, పచ్చదనం పూర్తిగా పోయి గడ్డి బంగారు రంగుకొస్తది. నాలుగైదు చోట్ల నుంచి గింజలు తీసి గోటితో నొక్కండి, గంటు పడితే ఇంకా ఆగాలి. పంటి కింద పెడితే మెత్తగా నలగకుండా టక్కున విరిగితే కోతకొచ్చినట్టు. ఆ టైమ్‌లో వాన ముసురు పట్టేలా ఉంటే ఒకట్రెండు రోజులు ముందే కోసెయ్యండి, ఎందుకంటే పండిన కంకి తడిసి అలాగే నిలబడితే చేలోనే లోపల మొలక కదులుద్ది, పైకి కనపడదు గానీ ఆ గింజ తర్వాత మాల్టింగ్‌లో సరిగా లేవదు.

కొడవలితో కోసి గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టి గరాజ్‌లో గాలి ఆడేలా నిలబెట్టండి, వారం పది రోజులు. హీటర్ పెట్టి తొందరపెట్టకండి, గింజ వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటనివ్వకుండా ఉంటే మొలకకి ఢోకా లేదు. నూర్పిడికి టార్పాలిన్ మీద పరిచి మెత్తటి బూట్లతో తొక్కండి, లేదా దిండు గలీబులో కంకులు వేసి గోడకి కొట్టండి. గట్టిగా బాదొద్దు, ట్రాక్టర్ ఎక్కించినట్టు చేస్తే పొట్టు ఊడిపోద్ది, మొలక చితుకుద్ది. పొట్టు ఎందుకంటే మాష్, అంటే వేడినీళ్ళలో నానిన మాల్ట్ నూక, వడగట్టేటప్పుడు ఫిల్టర్ అదే. మీసాలు మాత్రం చొక్కాలోకి దూరి ఒళ్ళంతా దురదే, ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి, మాస్కు పెట్టుకోండి. తూర్పారబట్టడానికి బాక్స్ ఫ్యాన్ ముందు ఒక బకెట్‌లోంచి ఇంకో బకెట్‌లోకి పోస్తే తాలు, పొట్టు ఎగిరిపోతాయి. తేమకి ఇంట్లో లెక్క ఉంది: 100 గ్రాములు తూచి పొడి చేసి ఓవెన్లో 220 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర బరువు ఇక తగ్గని దాకా ఉంచి మళ్ళీ తూచండి, పోయిన గ్రాములే తేమ శాతం. 13 లోపుంటే నిల్వ పెట్టొచ్చు.

మాల్టింగ్ నాకంటే వివరంగా చెప్పేవాళ్ళున్నారు ఇక్కడ, వాళ్ళకి వదిలేస్తున్నా.

బేస్‌మెంట్_మాల్ట్:

నన్నేనేమో అనుకుంటున్నా :) విస్కాన్సిన్ నుంచి. ఇంట్లో చక్కగా చెయ్యొచ్చండీ. వడ్లు నారుమడికి మండె కడతారు కదా, నానబెట్టి గోనెసంచిలో కప్పి మొలకెత్తించడం, అదే పని ఇది, కాకపోతే నెమ్మదిగా, చల్లగా, చివర్లో ఆరబెట్టడం ఉంటుంది. మీ చేతికి సగం తెలిసిన పనే.

కోసిన వెంటనే మొదలుపెట్టకండి. కొత్త గింజకి నిద్ర ఉంటుంది, బతికే ఉంటుంది కానీ తడి తగిలినా మొలవదు, కొన్ని వారాల నుంచి రెండు నెలల దాకా ఉండొచ్చు. 100 గింజలు లెక్కపెట్టి తడి పేపర్ టవల్ మీద ప్లేట్లో పేర్చి మూత పెట్టి మూడు రోజులు చూడండి. 95 మొలిస్తే మొదలుపెట్టొచ్చు. తక్కువ మొలిస్తే అవి నిద్రలో ఉన్నాయా, చచ్చాయా అన్నది తేలాలి కదా, దానికి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు కలిపి ఇంకో 100 గింజలు అందులో నానబెట్టండి, నిద్రలో ఉన్నవి దానికి లేస్తాయి. అందులో లేచి మామూలు నీళ్ళలో లేవకపోతే ఇంకో నెల ఆగండి, రెండింట్లోనూ లేవకపోతే ఆ గింజ మీద టైమ్ పెట్టొద్దు. ఈ టెస్టు లేకుండా 10 పౌన్లు ఒకేసారి నానబెడితే సగం మొలిచి సగం కుళ్ళి వాసనొస్తుంది.

అక్టోబర్, నవంబర్‌లో బేస్‌మెంట్ 55, 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చెయ్యండి (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే). ఎండాకాలంలో బూజు పడుతుంది. బకెట్‌లో చల్లటి నీళ్ళు పోసి తేలిన తాలు తీసేసి 8 గంటలు నానబెట్టండి, నీళ్ళు వంపేసి 8 గంటలు గాలికి వదలండి, మళ్ళీ 8 గంటలు కొత్త నీళ్ళు, మళ్ళీ గాలి. గాలికి వదలడం మానకండి, గింజ ఊపిరి పీల్చుకుంటోంది కాబట్టి నీళ్ళలోనే ఉంచేస్తే ఊపిరాడక చస్తుంది. ఎంత తాగిందో తూకంతో చూసుకోవచ్చు, 12 శాతం తేమ ఉన్న 10 పౌన్ల బార్లీ 16 పౌన్లు తూగితే లోపల తేమ 45 శాతానికి వచ్చినట్టు, ఇక నీళ్ళు చాలు. అప్పటికి ప్రతి గింజ అడుగున తెల్లటి చుక్కలా వేరు పొడుచుకొస్తుంది.

తర్వాత ట్రేలలో రెండు మూడు అంగుళాల మందాన పరిచి తడి గుడ్డ కప్పి నాలుగైదు రోజులు. రోజుకి రెండు మూడు సార్లు చేత్తో కిందా మీదా చెయ్యాలి, లేకపోతే వేర్లు చాపలా అల్లుకుపోతాయి, మధ్యలో వేడెక్కుతుంది. చెయ్యి పెడితే దోసకాయ కోసినప్పటి పచ్చి వాసన వస్తుంది, అది మంచి గుర్తు. పుల్లవాసన వస్తే గాలి చాలట్లేదని.

ఎప్పుడు ఆపాలన్నది వేర్ల పొడుగు చూసి చెప్పలేం. అసలు మొలక గింజ వీపు మీద పొట్టు కింద పాకుతూ వెళ్తుంది, బయటికి కనపడదు. పది గింజలు తీసుకుని వీపు వైపు పొట్టు గోటితో మెల్లగా ఒలవండి, వేరు ఉన్న కొస నుంచి సన్నటి లేతాకుపచ్చ మొలక కనిపిస్తుంది. అది గింజ పొడుగులో ముప్పావు నుంచి పూర్తి దాకా వచ్చి ఉండాలి. ఆ గింజనే రెండు వేళ్ళ మధ్య నలపండి, లోపలిది సుద్దముక్కలా తెల్లగా మెత్తగా పూతలా పరుచుకుంటే పిండి విడివడినట్టు. ఇంకా గట్టి పలుకు తగిలితే మర్నాటి దాకా ఉంచండి. పదింట్లో ఎనిమిదికి ఇలా ఉంటే ఆపెయ్యొచ్చు, మిగతా రెండింటి కోసం ఆగితే ఆ ఎనిమిదీ పొట్టు చీల్చుకుని బయటకొస్తాయి, చక్కెర అంతా అవే తినేస్తాయి.

ఆరబెట్టడంలో ఒకటే సూత్రం, తడి మీద వేడి తగలకూడదు. తడిగా ఉన్నప్పుడు వేడి పెడితే ఎంజైములు చచ్చిపోతాయి. ఫుడ్ డీహైడ్రేటర్లో 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఒక రోజు పైన, వేర్లు వేళ్ళ మధ్య పుటుక్కున విరిగే దాకా. అప్పుడు ఓవెన్లో 175, 180 దగ్గర మూడు నాలుగు గంటలు, పేల్ మాల్ట్ రంగు, ఆ బిస్కెట్ వాసన అప్పుడే వస్తాయి. మామూలు ఓవెన్లు అంత తక్కువ వేడిని నిలకడగా ఉంచలేవు, విడిగా ఒక థర్మామీటర్ గింజల మధ్యే గుచ్చి పెట్టుకోండి. చల్లారాక జల్లెట్లో రుద్దితే ఎండిన వేర్లు రాలిపోతాయి, అవి చేదు, ఒక్కటి కూడా ఉంచొద్దు. ఒక నెల గాలి తగలని డబ్బాలో ఉంచి వాడితే మాష్ బాగా వడకడుతుంది.

జైపూర్_నుంచి:

ఆసక్తిగా చదివాను. ఉద్యోగరీత్యా రాజస్థాన్‌లో ఉంటున్నా, మన దేశంలో బార్లీ ఎక్కువ పండేది ఇక్కడే, రబీ పంట. నవంబర్‌లో వేసి మార్చి చివర, ఏప్రిల్‌లో కోస్తారు. దుర్గాపురా పరిశోధన సంస్థ నుంచి ఆర్‌డీ పేరుతో, కర్నాల్ నుంచి డీడబ్ల్యూఆర్‌బీ పేరుతో మాల్ట్ రకాలు వచ్చాయి. మీకు జులై ఎండ భయం, ఇక్కడ రైతులకి మార్చి వేడిగాలి భయం, రెండూ ఒకటే, పాలు పోసుకునే టైమ్‌లో వేడి తగిలితే గింజ సన్నబడి ప్రోటీన్ పెరిగి మాల్ట్ కంపెనీలు వెనక్కి పంపుతాయి.

మన దగ్గర నుంచి చదివేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో 1978లో కేంద్ర చట్టం మార్చి సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి ఒప్పుకున్నారు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గాలన్ల దాకా. ఆంధ్రా, తెలంగాణల్లో మాత్రం లైసెన్స్ లేకుండా తయారు చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. మాల్ట్ చేసుకోవడంలో తప్పేం లేదు, అందులో ఆల్కహాల్ ఉండదు, రాగి మాల్ట్ చేసుకునేవాళ్ళు ఇదే పద్ధతిలో బార్లీ మాల్ట్ చేసి పాలల్లో తాగొచ్చు.

గోదారి_టు_మిన్నెసోటా:

ప్రింట్ తీసి గరాజ్‌లో అంటించేస్తా ఇదంతా. ఆఖరి ప్రశ్న, వచ్చే ఏడాదికి విత్తనం ఇందులోంచే దాచుకోవచ్చా, ప్రతి ఏడూ కొనాల్సిందేనా?

రెడ్‌రివర్_తెలుగు:

దాచుకోవచ్చు. బార్లీ సొంతంగానే పరాగం కలుపుకుంటది, చాలాసార్లు కంకి పొట్ట దాటకముందే అయిపోద్ది, కాబట్టి పక్కింటి పంటతో కలిసిపోద్దన్న భయం లేదు, రకం మారదు. కాటుక తెగులు ఒక్కటి చూసుకోండి, ఈనేటప్పుడు గింజలకి బదులు నల్లటి పొడితో కంకి వస్తే ఆ పొడి గాలికెగిరి పక్క కంకుల పూతలో దిగి గింజ లోపలే దాక్కుంటది, ఆ ఏడాది ఏమీ కనపడదు, మరుసటేడు మొక్కతో పాటు లేస్తది. అలాంటి కంకి ఒక్కటి కనపడినా పొడి రాలకుండా ప్లాస్టిక్ కవర్ తొడిగి తుంచెయ్యండి, ఆ ఏడు విత్తనం మాత్రం బయట కొనుక్కోండి. శుభ్రంగా ఉంటే కోతకి ముందే మడి మధ్యలో లావు కంకులు ఏరి రిబ్బన్ కట్టుకోండి, అవి విడిగా నూర్చి ఒక పౌను గాజు సీసాలో పోసి చల్లటి చోట పెట్టండి. మిగతాది బేస్‌మెంట్_మాల్ట్ గారు చెప్పినట్టు మాల్ట్‌కి వాడుకోండి.